నేరేడు పళ్ళు - ఐసు గది - రూపాయి బిళ్ళ

నేరేడు పండు తిన్న సంగతి ఎవరూ దాచలేరు. నాలుక ఊదా రంగుకి తిరుగుతుంది. పెదాలు తిరుగుతాయి. పిల్లల చొక్కాల మీద మరకలు పడతాయి. ఉతికినా ఒక పట్టాన పోవు.

రుచి సరే. కాలమే తక్కువ. మే నెలాఖరులో పండు మొదలవుతుంది. జూన్‌లో చెట్టు నిండా ఉంటుంది. జూలై దాటితే వెతికినా దొరకడం కష్టం. కోసిన పండు కూడా ఆగదు. రెండో రోజుకు మెత్తబడుతుంది. మూడో రోజుకు నీరు కారుతుంది. పులిసిన వాసన వేస్తుంది. బుట్ట అడుగున ఉన్నవి ముందు పోతాయి. పై పళ్ళ బరువంతా వాటి మీదే గదా!

ఒక ఇంటి పెరట్లో పెద్ద నేరేడు చెట్టు ఉంది. ఆ ఇంట్లో అత్త, మామ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. అత్త యాభై ఏళ్ళు దాటాక రాత్రి బడికి వెళ్ళింది. అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతుంది. కోడలు పదో తరగతి దాకా చదివింది. మామకు షుగరు జబ్బు. ఆరేళ్ళుగా మాత్రలు వాడుతున్నాడు.

ఏటా ఆ చెట్టు కింద సగం పళ్ళు నేలపాలే. ఇరుగు పొరుగుకి పంచుతారు. చుట్టాలకు పంపుతారు. అయినా మిగులుతాయి. ఈసారి అత్తకు మనసొప్పలేదు.

"అమ్మాయ్! ఇన్ని పళ్ళు మట్టిలో కలుస్తున్నాయి. రేగి వడియాల్లాగా వీటిని కూడా ఎండబెట్టి దాచుకుంటే పోలా?" అంది.

"ఏ ఎండకు అత్తయ్యా? ఒకసారి బయటికి చూడండి" అంది కోడలు.

బయట ముసురు పట్టి ఉంది. రెండు రోజుల నుంచి సూర్యుడు కనబడలేదు.

రేగు వేరు, నేరేడు వేరు

అత్త మాట తప్పేమీ కాదు. మన పెద్దలు ఫ్రిజ్‌లు లేని రోజుల్లోనే పళ్ళు నిలవ చేశారు. రేగి వడియాలే చూడండి. సంక్రాంతి రోజుల్లో రేగి పళ్ళు వస్తాయి. భోగి నాడు పిల్లల తల మీద పోసేది వాటినే. పండిన రేగి పళ్ళు ఏరతారు. పుచ్చులు తీసేస్తారు. ఉప్పు, ఎండుమిర్చి, బెల్లం, జీలకర్ర వేసి కచ్చాపచ్చాగా దంచుతారు. చిన్న చిన్న బిళ్ళలుగా తట్టి ఎండలో పెడతారు. నాలుగైదు రోజులు బాగా ఎండితే చాలు. ఏడాది దాకా డబ్బాలో ఉంటాయి.

ఇది ఎందుకు కుదిరింది? రేగు చలికాలంలో వస్తుంది. అప్పుడు వానలు ఉండవు. గాలి పొడిగా ఉంటుంది. వెనకాలే ఎండాకాలం వస్తుంది. మామిడి తాండ్ర కూడా అంతే. మామిడి పండుకి మండే ఎండలు తోడు.

నేరేడుకి ఆ తోడు లేదు. ఆ పండు వానతో వస్తుంది. జూన్‌లో నైరుతి ఋతుపవనాలు మన నేల మీదికి వస్తాయి. నేరేడు పండేదీ అప్పుడే. పైగా నేరేడులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీరే. ముసురులో అంత నీటిని ఎండబెట్టేదెలా? ఎండకముందే బూజు పడుతుంది. అందుకే మన ఇళ్ళల్లో రేగి వడియాలు ఉన్నాయి, మామిడి తాండ్ర ఉంది. నేరేడు వడియాల మాట మాత్రం ఎక్కడో గాని వినబడదు.

మరి ఏం చెయ్యాలి? ఎండ లేకపోతే చలి కావాలి. ఆ చలి ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఒక చిన్న గదిలో ఉంది. ఫ్రిజ్ పైభాగంలో ఉండే ఐసు గది అది. దాన్ని ఫ్రీజర్ అని కూడా అంటారు.

పండు ఎందుకు కుళ్ళుతుంది?

పండు కుళ్ళడం దానంతట అదే జరిగే పని కాదు. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయి. గాలిలో ఉంటాయి. మన చేతుల మీద ఉంటాయి. పండు తోలు మీద కూడా ఉంటాయి. వాటికి తిండి కావాలి, నీరు కావాలి, కాస్త వెచ్చదనం కావాలి. నేరేడు పండులో తీపి ఉంది. నీరు ఉంది. వెచ్చదనం మన వాతావరణంలోనే ఉంది. ఇక వాటికి పండగే!

ఎండబెడితే ఏమవుతుంది? నీరు పోతుంది. నీరు లేక అవి పెరగలేవు.

గడ్డకట్టిస్తే ఏమవుతుంది? నీరు ఎక్కడికీ పోదు. పండులోనే ఉంటుంది. కానీ రాయిలా గట్టిపడుతుంది. గడ్డకట్టిన నీరు సూక్ష్మజీవులకు పనికిరాదు. చలికి వాటి కదలిక ఆగిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. చలికి అవన్నీ చావవు. కొన్ని చస్తాయి. చాలా వరకు నిద్రపోతాయి. మంచు కరగగానే మళ్ళీ లేస్తాయి. వండితే చచ్చినట్టు, ఐసులో పెడితే చావవు. అందుకని కుళ్ళిన పండును ఐసులో పెట్టి బాగు చేద్దామనుకోకూడదు. బాగున్న పండును బాగున్నట్టే ఉంచడం ఒక్కటే ఐసు గది చేసే పని.

ఎలాంటి పళ్ళు ఏరాలి?

కోడలు, అత్త ఇద్దరూ చెట్టు కిందికి వెళ్ళారు. కొడుకు చెట్టు ఎక్కుతానన్నాడు. అత్త ఒప్పుకోలేదు.

"నేరేడు కొమ్మను నమ్మకూడదురా! చూడడానికి లావుగా ఉంటుంది. పుటుక్కున విరుగుతుంది. అందులో వానకు తడిసి జారుతోంది" అంది.

అది నిజం. నేరేడు కొమ్మ పెళుసు. ఏటా ఈ కాలంలో చెట్టు మీద నుంచి పడి కాళ్ళు చేతులు విరగ్గొట్టుకునే వాళ్ళు ఉంటారు. చెట్టు కింద పాత చీర నాలుగు మూలలా పట్టుకోవాలి. పొడవాటి కర్రతో కొమ్మను మెల్లగా ఊపాలి. పండినవి చీరలో పడతాయి. మట్టి అంటదు. పండు చితకదు.

చీరలో పడ్డవన్నీ పనికిరావు. బాగా నల్లగా పండి, తోలు గట్టిగా ఉన్నవే తీసుకోవాలి. ఎర్రగా ఉన్నవి వగరు. పగిలినవి, పుచ్చినవి పక్కన పెట్టాలి. పిట్ట పొడిచినవి, గబ్బిలం కొరికినవి అసలు వద్దు. కొరికిన చోటు కోసేసి మిగతాది తినడం కూడా వద్దు. 2018లో కేరళలో నిపా అనే జబ్బు వచ్చి చాలామంది ప్రాణాలు తీసింది. ఆ జబ్బు క్రిమి కొన్ని రకాల గబ్బిలాల్లో ఉంటుంది. కొరికిన పళ్ళు తినవద్దని అప్పుడు డాక్టర్లు గట్టిగా చెప్పారు. ఆ జాగ్రత్త ఏ ఊరి వాళ్ళకైనా మంచిదే.

గడ్డకట్టించే పద్ధతి

ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పళ్ళను మంచి నీళ్ళతో రెండు మూడు సార్లు కడగాలి. నానబెట్టి ఉంచకూడదు. నీళ్ళు వంచి, ఉతికిన పొడిగుడ్డ మీద పరచాలి. ఫ్యాను కింద కాసేపు ఆరనివ్వాలి. పండు మీద తడి ఉండకూడదు. తడి ఉంటే ఆ తడే గడ్డకట్టి పళ్ళను ఒకదానికొకటి అతికిస్తుంది.

కోడలు ఆరిన పళ్ళను చిన్న స్టీలు పళ్ళెంలో పరిచింది. ఒక పండు పక్కన ఒక పండు. పండు మీద పండు లేదు.

"ఇదేంటే! బొమ్మల కొలువులా పేరుస్తున్నావు? అన్నీ ఒక్క కవరులో పోసి పడేస్తే పోలా?" అంది అత్త.

"పోస్తే అన్నీ కలిసి ఒకే గడ్డ అవుతాయి అత్తయ్యా. పిల్లలకు గుప్పెడు కావాలన్నా మొత్తం గడ్డ కరిగించాలి. ఇలా విడివిడిగా గట్టిపడితే తర్వాత కవరులో పోసినా గోలీల్లా విడిగానే ఉంటాయి" అంది కోడలు.

ఇంకో కారణం కూడా ఉంది. అది అసలు కారణం. విడిగా ఉన్న పండుకు అన్ని వైపుల నుంచీ చలి తగులుతుంది. తొందరగా గడ్డకడుతుంది. కుప్పగా పోస్తే నడిమి పళ్ళకు చలి చేరడానికి చాలా సేపు పడుతుంది. నెమ్మదిగా గడ్డకట్టే నీరు పెద్ద పెద్ద మంచు పలుకులు అవుతుంది. ఆ పలుకుల అంచులు గుచ్చుకుని పండు లోపలి పొరలు చిరుగుతాయి. కరిగాక పండు నీరుకారి పిప్పిలా అవుతుంది. తొందరగా గడ్డకడితే పలుకులు సన్నగా ఉంటాయి. పండు అంతగా చెడదు.

ఈ సంగతి మంచు దేశాల వాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు. కెనడా దేశంలో లాబ్రడార్ అనే చలి ప్రాంతం ఉంది. క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికా దేశస్థుడు 1910 తర్వాత అక్కడ కొన్నేళ్ళు ఉన్నాడు. అక్కడి ఇనూయిట్ జనం గడ్డకట్టిన నీటికి కన్నం వేసి చేపలు పట్టేవారు. పైకి తీసిన చేప ఆ చలిగాలికి చూస్తుండగానే గట్టిపడేది. చాలా రోజుల తర్వాత కరిగించి వండినా తాజా రుచి ఉండేది. గుట్టు తొందరలో ఉందని ఆయన గ్రహించాడు. 1920ల్లో అలా తొందరగా గడ్డకట్టించే యంత్రం చేసి వ్యాపారం పెట్టాడు. ఈ రోజు పట్నం దుకాణాల్లో అమ్మే చల్లని బఠాణీలకు అక్కడే మొదలు. ఆయనకు నేర్పింది మాత్రం ఆ చేపలు పట్టే జనమే.

మన ఫ్రిజ్ లాబ్రడార్ కాదు. కాబట్టి ఒకసారి ఒకటి రెండు పళ్ళేలు మాత్రమే పెట్టాలి. ఐదు కిలోలు ఒకేసారి కుక్కితే ఐసు గదే వేడెక్కుతుంది. రాత్రి పళ్ళెం పెట్టి పడుకుంటే పొద్దున్నకు పళ్ళు గోలీల్లా ఉంటాయి. వెంటనే కవరులోకి పొయ్యాలి. ఆలస్యం చేస్తే పైన చెమ్మ పడుతుంది.

కవరు మందంగా, శుభ్రంగా ఉండాలి. సామాన్లు తెచ్చిన నల్ల కవర్లు తిండికి పనికిరావు. కవరులో గాలి లేకుండా చేత్తో నొక్కి మూతి బిగించాలి. గాలి ఉంటే పండు పైన వడలిపోతుంది, తెల్లమచ్చలు వస్తాయి, రుచి పోతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా అయినా సరే. పెద్ద కవర్లు కట్టకండి. ఒక్కసారికి సరిపోయేంత, పావు కిలో, అర కిలో చొప్పున కట్టండి.

గుజ్జు చేసి పెట్టడం

బాగా మెత్తబడిన పళ్ళు గోలీలుగా పనికిరావు. వాటిని గుజ్జు చెయ్యాలి. స్టీలు గిన్నెలో వేసి చేత్తో పిసకాలి. గింజలు తీసెయ్యాలి. నీళ్ళు పొయ్యకూడదు. నేరేడులో పులుపు, వగరు ఉన్నాయి. కనుక అల్యూమినియం, రాగి, ఇత్తడి గిన్నెలు వాడకూడదు.

ఈ గుజ్జును రెండు రకాలుగా దాచవచ్చు. ఉత్త గుజ్జుగా పెట్టవచ్చు. లేదా 1 కిలో గుజ్జుకు పావు కిలో చక్కెర కలిపి పెట్టవచ్చు. చక్కెర కలిపితే రంగు, రుచి బాగా నిలుస్తాయి. పిల్లలకు అదే ఇష్టం.

డబ్బాను అంచు దాకా నింపకూడదు. ఒక వేలు వెడల్పు ఖాళీ ఉంచాలి. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది. 100 పాళ్ళ నీరు దాదాపు 109 పాళ్ళ మంచు అవుతుంది. నిండా పోసిన గాజు సీసా ఐసు గదిలో పగిలిపోయేది అందుకే. గాజు పెంకు గుజ్జులో పడితే ఇక దాన్ని ఎవరూ తినలేరు. సీసాల జోలికి పోకపోవడమే మేలు.

గింజలు పారెయ్యనక్కర్లేదు. మొక్క కావాలంటే పది పదిహేను రోజుల్లోపే నాటాలి. ఎండిన గింజ మొలవదు.

కవరు మీద రాత

ఆ వారం రోజుల్లో ఏడు కవర్లు తయారయ్యాయి. నాలుగు కవర్లలో విడి పళ్ళు. మూడింటిలో గుజ్జు. ఆ మూడింటిలో ఒకటి ఉత్తది, రెండు చక్కెర కలిపినవి. ఐసు గదిలో పెట్టాక గుజ్జు కవర్లు మూడూ ఒక్కలాగే కనబడ్డాయి. అదే నలుపు. అదే గట్టి.

"ఇందులో మీ మామయ్యకు ఇవ్వాల్సింది ఏది?" అని అడిగింది అత్త.

కోడలు కాసేపు చూసింది. "రాస్తే గాని తెలీదు అత్తయ్యా. మీరే రాయండి" అంది.

ఒక్కో కవరును కొంచెం తెరిచి, వేలికి అంటించుకుని రుచి చూశారు. ఏది ఏదో తేలింది. ఇక రాయడమే. మామూలు బాల్ పెన్ను ప్లాస్టిక్ మీద సరిగా పడదు. చెమ్మకు చెరిగిపోతుంది. అందుకని అత్త చీటీ మీద రాసింది. ఒక కవరును ఇంకో కవరులో పెట్టి, రెండింటి నడుమ చీటీ ఉంచింది. తడవదు, ఊడదు, పైకి కనబడుతుంది.

"నేరేడులో నే కి ఏత్వమా, ఎత్వమా?"

"ఏత్వం."

"రే కి?"

"దానికీ ఏత్వమే."

అత్త నెమ్మదిగా రాసింది.

నేరేడు గుజ్జు
అర కిలో
జూన్ 22
చక్కెర లేదు

మిగతా రెండింటి మీద "చక్కెర ఉంది" అని రాసింది. ఒక్క మాటే తేడా. విడి పళ్ళ కవర్లకు కూడా తూకం, తేదీ వేసింది.

తేదీ ఎందుకంటారా? ఐసులో పెట్టినది కలకాలం ఉండదు. చలిలో కుళ్ళదు గాని రుచి, వాసన తగ్గుతూ పోతాయి. పెద్ద ఫ్రీజర్లలో చలి సున్నాకంటే 18 డిగ్రీలు తక్కువగా ఉంటుంది. అలాంటి వాటిలో ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా పళ్ళు బాగుంటాయి. ఒకే తలుపు ఉన్న చిన్న ఫ్రిజ్‌లో ఐసు గది చాలా వరకు అంత చల్లబడదు. అందులో పెట్టినవి రెండు మూడు నెలల్లో వాడెయ్యాలి. ముందు తేదీది ముందు తియ్యాలి.

షుగరు ఉన్నవాళ్ళు - నేరేడు

నేరేడు తింటే షుగరు జబ్బు పోతుందని చాలామంది నమ్ముతారు. గింజల పొడి కూడా తాగుతారు. మామ కూడా అదే మాట పట్టుకున్నాడు. "రోజూ ఈ గుజ్జు తాగుతా. మాత్రలు మానేస్తా. డబ్బు మిగులుతుంది" అన్నాడు.

కోడలు ఊరుకోలేదు. ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ వివరంగా చెప్పింది. నేరేడు మంచి పండే. షుగరు ఉన్నవాళ్ళు కొద్దిగా తినవచ్చు. కానీ అందులోనూ తీపి ఉంది. అది మాత్రలకు బదులు కాదు. మాత్రలు మానేస్తే కళ్ళు, మూత్రపిండాలు, కాళ్ళు దెబ్బతింటాయి. గింజల పొడి వాడాలనుకుంటే ముందు డాక్టరుకు చెప్పాలి. పొడి, మాత్ర రెండూ కలిస్తే షుగరు మరీ పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

మామ మాత్రలు మానలేదు. వారానికి రెండు రోజులు చిన్న గ్లాసు రసం తాగుతానన్నాడు. డాక్టరమ్మ సరే అంది. చక్కెర కలపనిది మాత్రమే అంది.

జూలై నెలలో కోడలు పుట్టింటికి వెళ్ళింది. ఒక మధ్యాహ్నం మామ రసం అడిగాడు. అత్త ఐసు గది తెరిచింది. పైన ఉన్న కవరు తీసింది. చీటీ చదివింది. చ-క్కె-ర ఉం-ది. దాన్ని లోపల పెట్టేసింది. రెండోది తీసింది. అదీ ఉంది. అడుగున ఉన్నది లాగింది. చక్కెర లేదు. దాన్ని గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది గదిలో ఉంచింది. "ఇప్పుడు కాదు, రేపు ఇస్తా. కరగాలి గదా" అంది.

కరిగించేది అలాగే. బయట పెట్టి కరిగిస్తే పైభాగం వెచ్చబడి, నిద్రపోయిన సూక్ష్మజీవులు లేస్తాయి. కింది గదిలో రాత్రంతా ఉంచితే నిదానంగా కరుగుతుంది. కరిగిన గుజ్జును అదే రోజు వాడెయ్యాలి. నీళ్ళు, చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి వేసి కలిపితే రసం. విడి పళ్ళను మాత్రం పూర్తిగా కరగనివ్వకండి. సగం గట్టిగా ఉన్నప్పుడే ఉప్పు చల్లి తినాలి. పూర్తిగా కరిగితే మెత్తగా అవుతాయి. అప్పుడు గుజ్జుకే పనికొస్తాయి. పళ్ళు సరిగా లేని పెద్దవాళ్ళకు, పసిపిల్లలకు గట్టి పళ్ళు ఇవ్వకండి. గొంతుకు అడ్డం పడతాయి.

రూపాయి బిళ్ళ చెప్పిన మాట

కోడలు వెళ్ళేముందు ఒక పని చేసింది. చిన్న స్టీలు గ్లాసులో సగానికి నీళ్ళు పోసి ఐసు గదిలో పెట్టింది. అవి గడ్డకట్టాక పైన ఒక రూపాయి బిళ్ళ ఉంచింది. అత్తకు అర్థం కాలేదు. "ఐసు గదికి దక్షిణా?" అని నవ్వింది.

ఆ నెలలోనే ఇంటిల్లిపాదీ పెళ్ళికి పొరుగూరు వెళ్ళారు. మూడు రోజులకు తిరిగి వచ్చారు. ఆ మధ్యలో గాలివాన వచ్చి తీగలు తెగాయట. కరెంటు ఎంతసేపు పోయిందని అడిగితే పక్కింటివాళ్ళు తలో మాట చెప్పారు. ఒకరు ఒక పూట అన్నారు. ఒకరు ఒకటిన్నర రోజు అన్నారు.

అత్త ఐసు గది తెరిచింది. కవర్లు గట్టిగానే ఉన్నాయి. చూస్తే ఏ తేడా లేదు. గ్లాసు తీసి చూసింది. నీరు గడ్డకట్టే ఉంది. కానీ రూపాయి పైన లేదు. గ్లాసు అడుగున, మంచు కింద ఉంది.

వెంటనే కోడలికి ఫోన్ చేసింది.

"బిళ్ళ అడుగుకు పోయిందంటే నీళ్ళు పూర్తిగా కరిగాయన్నమాట అత్తయ్యా. కరెంటు వచ్చాక మళ్ళీ గడ్డకట్టాయి. పళ్ళు కూడా అంతే. ఎంతసేపు వెచ్చగా ఉన్నాయో మనకు తెలీదు. తినొద్దు, పారేయండి."

"బంగారంలాంటి పళ్ళే! రెండు కిలోలకు తక్కువ ఉండవు. వాసన కూడా రావడం లేదు."

"గడ్డకట్టాక వాసన ఎలా వస్తుంది అత్తయ్యా? చల్లబడితే వాసన అణిగిపోతుంది."

అత్తకు ప్రాణం ఒప్పలేదు. అయినా కవర్లన్నీ విప్పి ఎరువు గుంటలో పోసింది. కవర్లు కడిగి పక్కన పెట్టింది. చీటీలు మాత్రం దాచుకుంది.

కరెంటు పోయినప్పుడు మనం ఇంట్లోనే ఉంటే ఇంత నష్టం రాదు. ఐసు గది తలుపు తెరవకూడదు. తెరిచిన ప్రతిసారీ చలి బయటికి పోతుంది. గది ఖాళీగా ఉంటే చలి తొందరగా పోతుంది. నిండుగా ఉంటే ఎక్కువసేపు ఆగుతుంది. ఖాళీ చోట్లలో మూడు వంతులు నీళ్ళు పోసిన ప్లాస్టిక్ సీసాలు పెట్టుకోవాలి. కరెంటు వచ్చాక పళ్ళు నొక్కి చూడాలి. లోపల ఇంకా మంచు పలుకులు ఉంటే తిరిగి గడ్డకట్టనివ్వవచ్చు. పూర్తిగా కరిగి ఇంకా చల్లగా ఉంటే మళ్ళీ పెట్టకుండా ఆ పూటే వాడెయ్యాలి. వెచ్చబడితే పారెయ్యాలి.

ఐసు గది గోడలకు మంచు మందంగా పేరుకుంటుంది. అప్పుడు చలి సరిగా తగలదు. కత్తితో, అట్లకాడతో గీకకండి. గోడ వెనక గ్యాసు గొట్టం ఉంటుంది. దానికి చిల్లు పడితే ఫ్రిజ్ మూలన పడ్డట్టే. మంచు కరిగించే బొత్తాం నొక్కండి. అది లేకపోతే ఫ్రిజ్ ఆపేసి తలుపు తీసి ఉంచండి. పళ్ళు ఐసు గదిలో లేని రోజుల్లో ఈ పని పెట్టుకోండి.

ఫ్రిజ్ లేని వాళ్ళ మాటేమిటి? నేరేడు కోసం ఫ్రిజ్ కొనడం తెలివైన పని కాదు. గుజ్జుకు సమానంగా చక్కెర వేసి, కాస్త నిమ్మరసం పిండి, చిన్న మంట మీద చిక్కగా ఉడికించాలి. వేడి నీళ్ళలో మరిగించి ఆరబెట్టిన సీసాలో పోసి మూత పెట్టాలి. కొన్ని వారాలు ఉంటుంది. బూజు కనబడితే మొత్తం పారెయ్యాలి. ఇది షుగరు ఉన్నవాళ్ళకు పనికిరాదు.

నేరేడుకు చెప్పిన పద్ధతే వాక్కాయలకు కూడా పనికొస్తుంది. వాక్కాయలను రెండుగా కోసి, గింజ తీసి పెట్టుకుంటే పప్పులోకి నేరుగా వేసుకోవచ్చు. ఉసిరికాయలను ముక్కలు చేసి పెట్టుకోవాలి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో లంబసింగి వైపు చలికాలంలో స్ట్రాబెర్రీ పండిస్తారు. ఆ పండుకు తొడిమ తీసి ఇలాగే పళ్ళెంలో పరచాలి. అమ్మకానికి పెట్టాలనుకుంటే మాత్రం ముందు ఆహార భద్రత శాఖలో నమోదు చేయించుకోవాలి.

చదివి రాయండి

1. మీ ఇంట్లో అర కిలో వాక్కాయ ముక్కలు ఈ రోజు ఐసు గదిలో పెడుతున్నారు. కవరులో పెట్టే చీటీ రాయండి.

2. చిన్న ఫ్రిజ్‌లో జూన్ 22న పెట్టిన కవరును మూడు నెలల్లో వాడెయ్యాలి. ఆఖరి తేదీ ఏది?

3. 3 కిలోల గుజ్జుకు ఎంత చక్కెర కావాలి? కిలోల్లో, గ్రాముల్లో రాయండి.

4. గ్లాసులో రూపాయి బిళ్ళ పైనే ఉంది. కానీ రాత్రి రెండు గంటలు కరెంటు పోయింది. పళ్ళు తినవచ్చా? ఎందుకో పక్కవాళ్ళకు చెప్పండి.